కొలిచే ముందు ఊహ, నమ్మే ముందు పరీక్ష



తెల్లాపూరులో నీరు 100 డిగ్రీల దగ్గర మరగదు. ఈ మాట విని మీ ఇంట్లో ఏడవ తరగతి చదివే అమ్మాయి అభ్యంతరం చెబితే ఆమెను మందలించకండి. ఆమె తన పాఠ్యపుస్తకంలో ఉన్నదే చెబుతున్నది. అయితే పుస్తకంలోని ఆ 100 డిగ్రీలు సముద్రమట్టం దగ్గరి వాయుపీడనానికి చెందిన సంఖ్య. తెల్లాపూరు ఉన్న మన హైదరాబాదు ప్రాంతం సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున, దక్కను పీఠభూమి మీద ఉన్నది కనుక, ఇక్కడ మన నెత్తిమీది గాలి బరువు విశాఖపట్నం సముద్రతీరంలో ఉండేదాని కన్న కొంత తక్కువ. ఆ బరువు తగ్గినందువల్ల నీరు ఆవిరియై పైకి లేవడానికి కావలసిన వేడిమి కూడ కొంత తగ్గి, తెల్లాపూరు వంటింట్లో గిన్నెలోని నీళ్లు సుమారు 98 డిగ్రీలకే సలసల మసలుతాయి.

వ్యత్యాసం రెండు డిగ్రీలే. కాని తానుండే ఊరి ఎత్తుకూ, తన మీది గాలికీ, పొయ్యి మీది నీటికీ సంబంధం ఉన్నదన్న సంగతి ఆ అమ్మాయికి బోధపడేది ఆ రెండు డిగ్రీల వల్లనే. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా కలగని ఆ బోధ, తన చేతితో ఒక్కసారి కొలిస్తే కలుగుతుంది. అట్లు కొలవడానికి ఈ కాలంలో మనకు లభించిన చిన్న చిన్న సాధనాలను గురించి, సెన్సర్లు అని మనమంతా పిలిచే వాటిని గురించి, వాటిని పిల్లల చదువులో ఎట్లు వినియోగించుకోవాలన్న విషయాన్ని గురించి, ఈ కొద్ది నిమిషాలు ముచ్చటిస్తాను.

నేను చెప్పదలచినది ఒక్కటే విషయం. దానికి రెండు అంచులు ఉన్నాయి. కొలిచే ముందు పిల్లవాడు ఊహించాలి. నమ్మే ముందు సాధనాన్ని పరీక్షించాలి. ఈ రెండూ లేకుండా తెర మీద కదిలే అంకెలను చూపించడం వినోదం కావచ్చును గాని విజ్ఞానశాస్త్రం కానేరదు.

మొదట పరీక్ష సంగతి చూద్దాం. ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు ఒకటి బజారులో సులభంగా దొరుకుతుంది. చిటికెన వేలంత స్టీలు గొట్టం. దాని చివర ఎరుపు, నలుపు, పసుపు తీగలు మూడు. గొట్టంలో దాగిన చిన్న చిప్పు తన చుట్టూ ఉన్న వేడిమిని అంకెగా మార్చి, ఆ తీగల గుండా ఆర్డ్యునో వంటి చిన్న ఎలక్ట్రానిక్ పలకకు పంపుతుంది. ఆర్డ్యునో 2005 ప్రాంతంలో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో, ఎలక్ట్రానిక్సు చదువుకోని విద్యార్థులు సైతం వాడుకోగలగాలన్న ఉద్దేశంతోనే రూపొందినది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఆ సెన్సరును తయారుచేసినవారే దాని గుణపత్రంలో ఒక మాట రాసి ఉంచారు: సున్నాకు 10 డిగ్రీల దిగువ నుండి 85 డిగ్రీల వరకు దాని లెక్కలో అర డిగ్రీ అటూ ఇటూ ఉండవచ్చునని, 85 దాటితే ఆ తేడా ఇంకా పెరగవచ్చునని. కాబట్టి మసిలే నీటిలో ముంచినప్పుడు సెన్సరు 98 అని చూపిస్తే, ఆ రెండు డిగ్రీలు తగ్గింది తెల్లాపూరు ఎత్తువల్లనా, సెన్సరు లోపంవల్లనా? ఈ ప్రశ్న వేయగలిగిన బాలుడు, జవాబు చెప్పలేకపోయినా సరే, శాస్త్రజ్ఞుడి దారిలో పడినట్లే.

జవాబుకు మార్గం సులువు. మంచుగడ్డను గుడ్డలో చుట్టి రోకలితో దంచండి. ఆ పొడిని గ్లాసులో నింపి, కొద్దిగా చల్లటి నీరు పోసి, బాగా కలిపి, సెన్సరును అందులో ఉంచండి. రెండు మూడు నిమిషాలలో అది సున్నా దగ్గర నిలవాలి. సున్నాకు బదులు 0.4 దగ్గర నిలిస్తే, ఆ సెన్సరు ఆ తావున 0.4 ఎక్కువ చెబుతున్నదని నోటుపుస్తకంలో రాసుకోవాలి. తరువాత మసిలే నీటిలో ఆ సెన్సరు పక్కనే ప్రయోగశాలలోని గాజు ఉష్ణమాపకాన్ని కూడ ఉంచి, రెండింటి లెక్కలనూ పోల్చి చూడాలి. బడిలో నాలుగు సెన్సర్లు ఉంటే నాలుగింటినీ ఒకే గ్లాసులో ముంచాలి. ఒకే కర్మాగారంలో, ఒకే రోజున తయారైన సెన్సర్లు కూడ తమలో తాము ఏకీభవించవన్న సంగతి అప్పుడు కంటికి కనబడుతుంది.

అంగడిలో సరుకు తూయించుకునే ఇల్లాలు, సరుకు కంటే ముందు ఖాళీ త్రాసు ముల్లును చూస్తుంది కదా! ముల్లు నడుమ నిలవకపోతే తూకం ఎంత జాగ్రత్తగా వేసినా ఆమె ఒప్పుకోదు. సెన్సరుకు మంచుగ్లాసు ఆ ఖాళీ త్రాసు వంటిది. పిల్లలకు ఈ అలవాటు ఒక్కటి పట్టుబడితే చాలు. రేపు వారు పెద్దవారై ఏ వార్తాపత్రికలోనో, ఏ కార్యాలయంలోనో అంకెలు చూసినప్పుడు, ఈ అంకె ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, ఆ సాధనాన్ని ఎవరు పరీక్షించారు అని అడగగలుగుతారు.

ఇక ఊహ సంగతి. ఎండాకాలంలో మన తెలంగాణ ఇళ్లలో రంజను అనే మట్టికుండ పెట్టుకుంటాము. రంజనులో నీరు చల్లబడుతుందని అందరికీ తెలుసు. ఎంత చల్లబడుతుంది? ఎంతసేపట్లో? చల్లబడుతూనే ఉంటుందా, ఒకచోట ఆగుతుందా? ఈ ప్రశ్నలను పిల్లలకు వేయండి. సెన్సరును తాకకముందే, ఒక్కొక్కరి చేతికి తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చి, పొద్దున ఏడు గంటల నుండి సాయంత్రం వరకు రంజనులోని నీటి వేడిమి ఎట్లు మారుతుందని తాము అనుకుంటారో గీత గీయమనండి. ఒకరు నిట్టనిలువుగా కిందికి జారే గీత గీస్తారు. ఒకరు మధ్యాహ్నం ఎండకు నీరు వేడెక్కి తీరాలి గనుక గీతను పైకి తిప్పుతారు. ఒకరు ఏమీ తోచక తిన్నగా గీస్తారు. వారిలో ఎవరూ తప్పు చేసినట్లు కాదు. ప్రతి ఒక్కరూ తమ ఊహను కాగితం మీద పణంగా పెట్టారు, అంతే.

ఇప్పుడు ఒక రంజనులోనూ, దాని పక్కనే ఒక స్టీలు బిందెలోనూ సమానంగా నీరు పోసి, రెండింటిలో రెండు సెన్సర్లు వేలాడదీసి, నిమిషానికి ఒకసారి లెక్క నమోదయ్యేటట్లు అమర్చండి. ఈ పని మనిషి చేయవలసివస్తే ఆ పిల్లలలో ఎవరో ఒకరు రోజంతా గడియారం ముందు కూర్చోవలసివచ్చేది. సెన్సరు ఆ దాస్యం నుండి వారిని విడిపిస్తుంది. సాయంత్రానికి రెండు గీతలు వస్తాయి. బిందె గీత గాలి వేడిమిని వెంబడిస్తూ మధ్యాహ్నానికి పైకి పోతుంది. రంజను గీత కొంతసేపు దిగి, ఆ పైన దిగడం మానివేసి, బిందెకన్న ఎంతో దిగువన దాదాపు సమంగా నడుస్తుంది. ఎందుకు ఆగింది? కుండ గోడలలోని సన్నని రంధ్రాల గుండా బయటికి ఊరిన తేమ ఆవిరి అవుతూ నీటిలోని వేడిని తీసుకొనిపోతుంది. అదే సమయంలో చుట్టూ ఉన్న వేడిగాలి కుండకు వేడిని ఇస్తూనే ఉంటుంది. పోయే వేడి, వచ్చే వేడి సమానమైనచోట గీత సమమవుతుంది. ఆ సమమైన భాగాన్ని ముందే ఊహించి గీసిన పిల్లలు అరుదు. తన పెన్సిలు గీతను, సెన్సరు గీతను పక్కపక్కన పెట్టుకొని చూసుకునే ఆ క్షణంలో పిల్లవాడు అడిగే 'ఎందుకు' అన్న మాటకు వెలకట్టలేము. పెన్సిలు గీత లేకపోతే ఆ 'ఎందుకు' పుట్టదు. అందుకే మళ్లీ చెబుతున్నాను: కొలిచే ముందు ఊహించనివ్వండి.

ఇదే ప్రయోగాన్ని ఆషాఢ శ్రావణాలలో మళ్లీ చేయండి. వానాకాలపు గాలిలో తేమ నిండి ఉంటుంది గనుక రంజను నుండి నీరు అంత తొందరగా ఆవిరి కాదు. రెండు గీతలూ దగ్గరగా వస్తాయి. ఏప్రిలు గీతను దాచి ఉంచుకున్నవారికే ఈ పోలిక సాధ్యమవుతుంది. దాచడం కూడ ప్రయోగంలో భాగమే.

సెన్సర్లతో చదువు చెప్పడం నిన్న మొన్నటి వేలంవెర్రి కాదు. 1980 దశకంలోనే అమెరికాలో రాబర్ట్ టింకర్ మొదలైన విద్యావేత్తలు కంప్యూటరుకు కొలత సాధనాలను తగిలించి బడిపిల్లల ముందు ఉంచారు. ఆ పరిశోధనలలో నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది 1987లో హెథర్ బ్రాసెల్ ప్రచురించినది. పిల్లవాడు ఒక సెన్సరు ఎదుట నడుస్తాడు. సెన్సరు మన చెవికి వినరాని ధ్వనిని పంపి, అది పిల్లవాడిని తాకి తిరిగివచ్చే కాలాన్నిబట్టి దూరాన్ని లెక్కిస్తుంది. అతడు నడుస్తూ ఉండగానే తెర మీద అతని దూరం, అతని వేగం గీతలుగా సాగుతాయి. ఒక్క తరగతి వ్యవధిలోనే విద్యార్థులకు గ్రాఫును చదివే శక్తి గణనీయంగా పెరిగింది. అయితే అదే గీతను, నడక ముగిసిన తరువాత 20, 30 సెకన్లు ఆలస్యంగా చూపించినప్పుడు ఆ లాభంలో అధికభాగం కనబడకుండా పోయింది. కాలు కదిలిన క్షణాననే గీత కదిలితేనే, ఆ గీత తన నడకే అన్న స్ఫురణ కలుగుతుంది.

దీనికి కారణం ఆలోచించదగినది. గ్రాఫును బొమ్మగా చూడడం పిల్లలకు సహజం. గీత పైకి ఎక్కితే పిల్లవాడు కొండ ఎక్కుతున్నాడనుకుంటారు. తిన్నగా సాగితే చదును నేల మీద నడుస్తున్నాడనుకుంటారు. నిజానికి దూరపు గ్రాఫులో తిన్నని గీత అంటే కదలక నిలబడటం. ఈ భ్రమ ఉపన్యాసంవల్ల తొలగదు. సెన్సరుకు వీపు పెట్టి నిలబడిన అమ్మాయికి, కొండ ఆకారంలో గీత రావాలి, నడిచి చూపించు అని చెప్పండి. ఆమె కొంచెం దూరం నడిచి ఆగుతుంది. గీత ఎక్కి సమమవుతుంది. ఇదేమిటి, కిందికి దిగలేదేమని ఆమె వెనక్కి చూస్తుంది. మరొక్కసారి నడిచి, ఈమారు వెనకడుగులు వేస్తూ తిరిగివస్తుంది, గీత దిగుతుంది. ఆ వెనకడుగుతో ఆమెకు అవగతమైన విషయం ఇంకెన్నడూ మరుపునకు రాదు. నాలుగు మీటర్ల వరకు దూరాన్ని కొలిచే ఇట్టి ధ్వని సెన్సరు నేడు మన కోఠి బజారులో అల్పమైన వెలకే లభిస్తున్నది.

ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. 2018లో పురపాలక సంఘమైన తెల్లాపూరు ఒకనాడు చేలూ, చెరువులూ, రాతిగుట్టలూ గల పల్లె. ఇప్పుడు ఒక పక్క ఆకాశాన్నంటే భవనాలు, ఒక పక్క పాత ఊరి ఇళ్లు, వాటి మధ్య ఇంకా మిగిలిన చెరువులు, వేపచెట్లు. ఎండాకాలపు రాత్రి ఈ చోట్లలో ఎక్కడ వేడి ఎక్కువ? పగలంతా ఎండను తాగిన సిమెంటు కప్పు రాత్రి ఎన్ని గంటల దాకా ఆ వేడిని విడుస్తుంది? చెరువు కట్ట మీది గాలి ఊరి నడుమ గాలికన్న నిజంగా చల్లగా ఉంటుందా? ఇవి పిల్లలు స్వయంగా ఛేదించగల ప్రశ్నలు. రాత్రి రెండు గంటలకు ఏ పిల్లవాడినీ మిద్దె మీదికి పంపలేము గాని, సెన్సరుకు నిద్ర లేదు.

అయితే జాగ్రత్త కావాలి. ఎండలో వదిలిన సెన్సరు గాలి వేడిమిని కాదు, ఎండకు మాడిన తన ఒంటి వేడిమినే చెబుతుంది. వాతావరణశాఖవారు ఉష్ణమాపకాలను తెల్లరంగు వేసిన, గాలి ధారాళంగా ఆడే చెక్కపెట్టెలో, నేలకు నాలుగైదు అడుగుల ఎత్తున ఉంచేది ఇందుకే. మన పిల్లలు తెల్లటి ప్లాస్టిక్ పళ్లేలను బోర్లించి, ఒకదాని కింద ఒకటి ఎడంగా బోల్టులతో బిగించి, నడుమ సెన్సరును వేలాడదీస్తే ఆ పెట్టె పని చాలావరకు జరుగుతుంది. పళ్లేల గొడుగు ఉన్న సెన్సరునూ, లేని సెన్సరునూ పక్కపక్కన ఒక మధ్యాహ్నం ఉంచి చూపించండి. ఆ రెండు అంకెల మధ్య తేడా చూసిన పిల్లవాడు, ఎక్కడ కొలిచావు అన్నది ఎంత కొలిచావు అన్నదానితో సమానమైన ప్రశ్న అని గ్రహిస్తాడు. తెలంగాణ ప్రభుత్వ ప్రణాళికా సంస్థ రాష్ట్రంలో వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలను నడుపుతూ మండలాలవారీగా లెక్కలను ప్రకటిస్తున్నది. తమ లెక్కను సమీపంలోని కేంద్రపు లెక్కతో పోల్చి చూసుకోవడం పిల్లలకు మరొక మంచుగ్లాసు పరీక్ష.

పెద్దలు కూడ ఈ నియమాన్నే పాటిస్తారు. మనకు కొద్ది దూరంలో, గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ పరిశోధకులు సుమారు 66 ఎకరాల తమ ఆవరణలో పది చోట్ల, గాలిలోని సూక్ష్మధూళిని కొలిచే చవక సెన్సర్లను అమర్చారు. వాటిని ముందుగా మేలైన సాధనం పక్కన ఉంచి సరిచూసిన పిమ్మటనే వాటి లెక్కలను గ్రహించారు. దీపావళి దినాలలో ధూళి ఎట్లు పెరిగిందో, ఒకే ఆవరణలో చోటు మారితే ఎంత మారిందో అప్పుడు తెలిసివచ్చింది. ఒక్క సెన్సరే ఉంటే ఆ తేడాలు తెలిసేవి కావు. ఇట్టి చవక సెన్సర్లకు ఒక బలహీనత ఉన్నది: గాలిలో తేమ బాగా పెరిగితే నీటి తుంపరలను సైతం ధూళిగా లెక్కించుకుంటాయి. వానాకాలపు ఉదయాన తెర మీద పెద్ద అంకె కనబడగానే ఊరి గాలి విషమైపోయిందని పిల్లలు భయపడకూడదు. ఏమీ కాలేదని కొట్టివేయనూ కూడదు. తేమ సెన్సరును పక్కన పెట్టి చూడాలి.

కొలవడం నేర్చినవారి జీవితం ఎట్లు మారుతుందో చూపే దృష్టాంతం మన తెలుగునాట ఉన్నది. దానిలో తెరలు లేవు, చిప్పులు లేవు. 2003 మొదలుకొని కొన్ని సంవత్సరాలపాటు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో, ఆరువందలకు పైగా గ్రామాలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక పథకం నడిచింది. రైతులే తమ ఊరి వర్షమాపకాన్ని చదివారు. రైతులే బోర్లలో నీటి మట్టం ఎంత లోతున ఉన్నదో పద్ధతిగా కొలిచారు. పీపా, గడియారం పట్టుకొని బోరు నుండి నిమిషానికి ఎంత నీరు వస్తున్నదో లెక్కగట్టారు. ఆ లెక్కలను అందరికీ కనబడేటట్లు ఊరిలో బోర్డు మీద రాశారు. యాసంగికి ముందు ఊరంతా కూర్చొని, భూమిలో ఉన్న నీరెంత, తాము వేయదలచిన పంటలకు కావలసిన నీరెంత అని జమాఖర్చు చూసుకున్నారు. వరి వేయవద్దని వారిని ఎవరూ ఆజ్ఞాపించలేదు. తమ చేతితో కొలిచిన అంకెను తామే చూసుకొని, అనేకులు తక్కువ నీటి పంటలకు మళ్లారు. ఎక్కడో కార్యాలయంలో కూర్చున్న అధికారి తెచ్చిన అంకె అయితే ఆ రైతులు నమ్మేవారా? నమ్మరు, నమ్మనవసరమూ లేదు. కొలిచే సాధనం తమ చేతిలో ఉన్నది కనుకనే అంకె తమదైంది. బడిపిల్లల విషయంలో నేను కోరేది అచ్చంగా ఇదే.

సాధనాలకు ఇప్పుడు కొరత తక్కువ. కేంద్రప్రభుత్వపు అటల్ ఇన్నోవేషన్ మిషన్ కింద దేశంలో 10,000 పాఠశాలలలో అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు నెలకొన్నాయి. ఒక్కొక్కదానికి 20 లక్షల రూపాయల వరకు సహాయం అందింది. రానున్న అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలలలో మరి 50,000 నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించారు. సంతోషమే. కాని సెన్సరు పెట్టెలు అల్మారాలో తాళం కింద ఉండి, తనిఖీ అధికారి వచ్చిన రోజున మాత్రమే బయటికి వచ్చే బళ్లు ఉన్నాయని ఉపాధ్యాయులే బాధతో చెబుతారు. విరిగితే ఎవరు బాధ్యులన్న భయమే దానికి కారణం. పిల్లల చేతిలో విరిగిన సెన్సరును నష్టం కింద గాక వాడకం కింద రాసుకునే ఉదారత మన విద్యాధికారులకు ఉండవలెనని నా విన్నపం.

ప్రయోగశాల లేని బడివారు నిరాశపడనక్కరలేదు. మీ జేబులోని ఫోనులోనే అరడజనుకు తక్కువ కాని సెన్సర్లు ఉన్నాయి. జర్మనీలోని ఆహెన్ విశ్వవిద్యాలయంవారు 2016లో విడుదల చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌తో వాటి లెక్కలను మీరే చదువుకోవచ్చును. కొన్ని ఫోనులలో వాయుపీడనాన్ని కొలిచే సెన్సరు కూడ ఉంటుంది. అది ఉన్న ఫోను పట్టుకొని మీ పిల్లలతో కలిసి అపార్టుమెంటు లిఫ్టు ఎక్కండి. ఒక్కొక్క అంతస్తుకు పీడనం, హెక్టోపాస్కలు అనే పీడనపు కొలమానంలో, ఒక హెక్టోపాస్కలులో సుమారు మూడవ వంతు తగ్గుతుంది. పది అంతస్తులు ఎక్కితే ఎంత తగ్గాలి? ముందు పిల్లలచేత చెప్పించండి. తరువాత తెర చూపించండి. దిగి వచ్చాక మొదటి అంకె మళ్లీ వచ్చిందో లేదో చూడమనండి. రాకపోతే సెన్సరు జారిందా, లేక ఈలోగా బయటి గాలిపీడనమే మారిందా అని వారినే అడగండి.

చివరగా ఒక చిన్న పని. ఏ ప్రయోగం చేసినా ఒక నోటుపుస్తకం పెట్టించండి. కంప్యూటరులో లెక్కలు దాగి ఉన్నా సరే. తేదీ, వేళ, చోటు, నేల నుండి ఎత్తు, ఎండా నీడా, ఏ సెన్సరు, మంచుగ్లాసులో అది చూపిన అంకె, కొలిచిన వారి పేరు. ఆ పక్క పేజీలో పెన్సిలుతో గీసిన ఊహ. వచ్చే ఏడాది అదే తరగతిలోకి వచ్చే పిల్లలు ఆ పుస్తకం తెరిచి, అదే వేపచెట్టు కింద, అంతే ఎత్తున తమ సెన్సరును కట్టుకోగలిగేటట్లు రాయించండి.